కొచ్చికి శుక్రవారం వెళ్ళకండి

ప్రశ్న: శబరిమల యాత్ర ముగించుకొని తిరిగి వచ్చేటప్పుడు మాకు ఎర్నాకుళంలో ఒక పగలంతా ఖాళీ దొరుకుతోంది. కొచ్చి చూపిస్తామని ఒక ట్రావెల్స్ వారు పంపిన పట్టీలో పదకొండు స్థలాలు ఉన్నాయి. మాతో డెబ్బై దాటిన మా అమ్మగారు, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఈ పట్టీలో ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసెయ్యాలి? గైడు అవసరమా?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పట్టీ సంగతి తరువాత చూద్దాం, ముందు మీరు వెళ్ళేది ఏ వారమో చూసుకోండి. మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. దానికి కూతవేటు దూరంలో ఉన్న యూదుల ప్రార్థనాలయంలోకి, శనివారం వారి విశ్రాంతి దినం కాబట్టి, సందర్శకులను రానివ్వరు. శుక్రవారం కూడా ఆశ పెట్టుకోవద్దు. అనుభవం మీద చెబుతున్నాను. నేను మొదటిసారి వెళ్ళింది శుక్రవారమే. రెండు తలుపులూ మూసి ఉంటే, ఆ సందులోని దుకాణాల్లో మిరియాలు, యాలకులు కొనుక్కొని, ఊరంతా చూసినవాడిలా ఇల్లు చేరాను. మీ ప్రయాణం ఆదివారం నుంచి గురువారం లోపల పడేలా చూసుకుంటే సగం పని అయినట్లే.

ఇక పదకొండు స్థలాలంటారా, ఒక్క పగటిలో అన్నీ తిప్పితే పిల్లలకు గుర్తుండేది కారు కిటికీ మాత్రమే. ఉదయం ఫోర్ట్ కొచ్చి, మధ్యాహ్నం మట్టాంచేరి అని రోజును రెండుగా విడదీసుకొని, ఒక్కోచోట రెండు మూడింటి దగ్గర తీరికగా నిలబడండి. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదలో పాత ముజిరిస్ రేవు పూడిపోయి కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త దారి తెరుచుకుందని చెబుతారు. మిరియాల కోసం వచ్చే అరబ్బులు, చీనీయులు, వారి తరువాత పోర్చుగీసువారు, 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు ఆ దారినే వచ్చారు. ఏలినవారందరూ వెళ్ళిపోయారు గానీ, వారి కొలువులో పనికి వచ్చినవారు, వారికి భయపడి పారిపోయి వచ్చినవారు, వారితో బేరాలాడడానికి వచ్చినవారు ఇక్కడే ఉండిపోయారు. నా మటుకు నాకు కొచ్చి అంటే ఈ ఉండిపోయినవారి ఊరు. పట్టీలో కోత పెట్టేటప్పుడు మీరూ దీన్నే కొలతగా పెట్టుకోండి.

ఎర్నాకుళం హైకోర్టు జెట్టీ నుంచి వాటర్ మెట్రో పడవ ఎక్కండి. రేవు గట్టు నీటితోపాటు తేలుతూ పడవ మట్టానికే ఉంటుంది కాబట్టి మీ అమ్మగారికి ఎక్కడం, దిగడం కష్టం కాదు. ఫోర్ట్ అన్న పేరు చూసి గోల్కొండలాంటి కోటను మాత్రం ఊహించుకోవద్దు. పోర్చుగీసువారు 1503లో మొదలుపెట్టిన కోటను ఆంగ్లేయులు 1806లో పడగొట్టేశారు. మిగిలినవాటిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ముఖ్యమైనది. 1524 డిసెంబరు 24న ఈ ఊళ్ళో చనిపోయిన వాస్కో డ గామాను ఇక్కడే పూడ్చారు, తరువాత 1539లో అస్థికలను పోర్చుగల్‌కు తీసుకుపోయారు. సమాధి రాయి చుట్టూ అందరూ గుమిగూడతారు గానీ, ఆ రాతి కింద ఎవరూ లేరు. మీరు తలెత్తి పైన వేలాడే గుడ్డ పంకాలను చూడండి. వాటి తాళ్ళు గోడలో తొలిచిన కంతల గుండా బయటికి పోతాయి. లోపల దొరలు ప్రసంగం వింటుంటే, బయట ఎండలో నిలబడిన మనిషి ఆ తాడు లాగుతూ ఉండేవాడు. పిల్లలకు ఈ ఒక్కటి చూపించి, తాడు ఎటు పోతోందో వారినే కనుక్కోమనండి.

దగ్గరలోని శాంతా క్రూజ్ బసిలికా 1505 నాటిదని చెబుతారు, కానీ ఆ పాత చర్చిని ఆంగ్లేయులే కూల్చారు. ఇప్పటిది 1905లో ప్రతిష్ఠించింది. దాన్ని బయటినుంచి చూసినా చాలు. ఆ సమయాన్ని మీ పట్టీలో లేని ధోబీఖానాకు ఇవ్వండి. డచ్చి సైనికుల బట్టలు ఉతకడానికి తమిళ ప్రాంతం నుంచి రప్పించిన వణ్ణార్ కుటుంబాల వారసులు వెలి అనే పేటలో ఇప్పటికీ ఆ వృత్తి చేస్తున్నారు. వరుసగా కట్టిన తొట్లలో బట్టలు బండకేసి ఉతికి, గంజి పెట్టి, మెలేసిన జంట తాళ్ళ మెలికల్లో అంచులు దోపి ఆరేస్తారు. క్లిప్పుల అవసరమే లేదు. షెడ్డులో బొగ్గుల ఇస్త్రీపెట్టెలు బరువుగా చప్పుడు చేస్తుంటాయి. ఇస్త్రీ అనే మాట మనకు పోర్చుగీసువారి నుంచే వచ్చిందంటారు. పనిచేసేవారిని అడగకుండా ఫోటోలు తీయకండి.

భోజనం మట్టాంచేరిలో గుజరాతీ వీధి దరిదాపుల్లో చేస్తే శాకాహారానికి లోటుండదు. ఆ వీధిలోని జైన దేవాలయంలో మిట్టమధ్యాహ్నం పావురాలకు గింజలు వేస్తారు, పిల్లలు అక్కడి నుంచి కదలరు. రెండు గంటలకు ప్యాలెస్‌లోకి వెళ్ళండి. డచ్ ప్యాలెస్ అని పిలిచినా, దాన్ని 1555 ప్రాంతంలో కట్టించి కొచ్చి రాజుకు ఇచ్చింది పోర్చుగీసువారు, డచ్చివారు బాగుచేయించారంతే. పల్లకీలు, రాజుల పటాలు దాటేసి నేరుగా రాజుగారి పడకగదికి నడవండి. దశరథుని యజ్ఞం మొదలు రాముడు అయోధ్యకు తిరిగి వచ్చేదాకా రామాయణమంతా గోడల మీద కాషాయం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నిండి ఉంటుంది. లేపాక్షి కప్పు మీది బొమ్మలు చూసినవారికి ఇక్కడి కిక్కిరిసిన కూర్పు కొత్తగా తోస్తుంది. ఒక బొమ్మకూ మరొకదానికీ మధ్య వేలు పెట్టే సందు కూడా ఉండదు. మీ అమ్మగారికి గైడు అక్కర్లేదు, కథ ఆవిడే చెబుతారు.

మొదట చెప్పిన యూదుల ప్రార్థనాలయం పేరు పరదేశి సినగాగ్. దాన్ని మధ్యాహ్నం విరామం తరువాత మూడు గంటలకు తెరుస్తారు. 1568లో కట్టిన ఈ మందిరాన్ని 1662లో పోర్చుగీసువారు పాడుచేస్తే, డచ్చివారు వచ్చాక మళ్ళీ నిలబెట్టుకున్నారు. చెప్పులు విడిచి వెళ్ళాలి. కింద చీనా నుంచి తెచ్చిన నీలి పూతల పలకలు పరిచి ఉంటాయి, చేత్తో వేసినవి కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవని ప్రతి గైడూ చెబుతాడు. బయటి దేశాల నుంచి వచ్చి దీన్ని కట్టుకున్న ఆ పరదేశి యూదులకన్నా ఎంతో ముందే ఈ తీరంలో స్థిరపడిన యూదులు ఉన్నారని, 1000 ప్రాంతంలో భాస్కర రవివర్మ అనే చేర రాజు జోసెఫ్ రబ్బాన్‌కు హక్కులిస్తూ రాగిరేకుల మీద శాసనం రాయించి ఇచ్చాడని కొందరే చెబుతారు. ఇదే మందిరంలో కొందరు యూదులను తక్కువవారిగా చూసి బయట కూర్చోబెట్టేవారని, అబ్రహాం బరాక్ సలేం అనే న్యాయవాది గాంధీజీ పద్ధతిలో దాన్ని ఎదిరించాడని చెప్పే గైడు దొరికితే, అతనికి అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వండి. 1948 తరువాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు; ఇప్పుడు ప్రార్థనకు కావలసిన పదిమంది మగవారు సొంత సమాజంలో లేరు.

కాబట్టి గైడు మీకు మధ్యాహ్నానికే అవసరం. గుర్తింపు కార్డు ఉన్నవారిని మాట్లాడుకొని, దుకాణాలకు తీసుకువెళ్ళవద్దని ముందే చెప్పండి. ఓపిక మిగిలితే సాయంత్రం మట్టాంచేరి పక్కనే చెర్లాయిలో ఉన్న తిరుమల దేవస్వం అనే గుడికి వెళ్ళండి. పోర్చుగీసువారి మతపీడనకు తాళలేక గోవా విడిచివచ్చిన కొంకణీలు కొలిచే దేవుడు అక్కడ మన వేంకటేశ్వరుడే. మగవారు చొక్కా విప్పి వెళ్ళాలి.

ప్రశ్న: చీనవలల దగ్గర రమ్మని పిలిచి తాడు లాగించారు, తరువాత డబ్బులడిగారు. ఇది మోసం కాదా?
ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: నేను మోసమనను. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున కర్రల చట్రానికి వేలాడే ఆ పెద్ద వలల్లో ఒక్కదాన్ని నీటిలోకి దించి ఎత్తడానికి నలుగురైదుగురు మనుషులు, బరువుకు తాళ్ళకు వేలాడే రాళ్ళు కావాలి. ఇంత చేసినా చాలాసార్లు పైకి వచ్చేది గుప్పెడు చేపలే. ఎంతిస్తారో తాడు పట్టుకోకముందే మాట్లాడుకోండి, లేదా గట్టున నిలబడి ఊరికే చూడండి.

ప్రశ్న: మా బందరులోనూ డచ్చివారి వలందపాలెం, ఫ్రెంచివారి పరాసుపేట, ఆంగ్లేయుల ఇంగ్లీషుపాలెం ఉన్నాయి, డచ్చివారి సమాధులున్నాయి. అయినా కొచ్చిలా మా ఊరు ఎందుకు నిలవలేదు?
ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: మీ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. బందరులో తీరం లోతు తక్కువ కావడం వల్ల ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల మీద మోయవలసి వచ్చేది. దానికి తోడు 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. కొచ్చికి వెనుక కాయళ్ళ, అంటే సముద్రపు నీరు చేరే సరస్సుల, చాటు ఉంది. అక్కడా ఓడలకు రేవు ముఖద్వారం దగ్గర ఇసుకతిన్నె అడ్డమే. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు దాన్ని తవ్వించాక 1928 నాటికి పెద్ద ఓడలు లోపలికి రాగలిగాయి. అలా తవ్విన మట్టితో పెంచిన దీవే వెల్లింగ్డన్ దీవి. సాయంత్రం ఫోర్ట్ కొచ్చి నుంచి తిరిగి వచ్చే పడవలో అది కుడివైపు కనిపిస్తుంది, కిటికీ పక్కన చోటు చూసుకొని కూర్చోండి.