ఆర్కేడ్ పెట్టె చేయడం ఒక ఎత్తు, అమ్మడం మరో ఎత్తు

టేబుల్ మీద పెట్టుకుని ఆడుకునే బుల్లి ఆర్కేడ్ క్యాబినెట్లను (వీడియో గేమ్ పెట్టెలను) ఇంట్లోనే తయారు చేసి అమ్ముతున్న పాఠకుల నుంచి ఈసారి చాలా సందేహాలు వచ్చాయి. మన ఇంట్లో ఉండే పెట్టెకి ఏదైనా అయితే వెనక తలుపు తీసి వైరు కదిపి సరిచేసుకుంటాం. కొనుక్కున్నవాళ్లకి ఆ వీలు లేదు. జవాబులన్నీ ఆ తేడాను దృష్టిలో పెట్టుకునే రాశాను.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఇద్దరు ఆడే క్యాబినెట్ చేశాను. చూసినవాళ్లు తమకీ ఒకటి కావాలంటున్నారు. నా మెమరీ కార్డులో వేల గేములున్నాయి. దాన్నే కాపీ చేసి పెట్టెతో పాటు ఇవ్వొచ్చా?

జవాబు: వద్దండీ. చెక్క కోత, పెయింటు, వైరింగ్ అంతా మీ కష్టం. దానికి మీరు ఎంత అడిగినా న్యాయమే. కార్డులో ఉన్న గేములు మాత్రం మీవి కావు. ప్యాక్‌మ్యాన్ 1980లో, డాంకీ కాంగ్ 1981లో వచ్చాయి. నలభై ఏళ్లు దాటాయి కదా అనిపిస్తుంది కానీ, వాటి హక్కులు ఇంకా సజీవంగానే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికినంత మాత్రాన అమ్ముకునే హక్కు రాదు.

గేములు తీసేసినా ఇంకో చిక్కు మిగులుతుంది. దీన్ని చాలామంది గమనించరు. పాత గేము యంత్రాలను అనుకరిస్తూ ఈ గేములు నడిపించే సాఫ్ట్‌వేర్లకు, అంటే ఎమ్యులేటర్లకూ లైసెన్సులున్నాయి. 1997లో మొదలైన మేమ్ అనే ఎమ్యులేటర్‌ను చాలాకాలం వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉండేది. 2016లో అది ఓపెన్ సోర్స్ అయింది కాబట్టి సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచడం లాంటి నిబంధనలు పాటిస్తూ పెట్టెతో పాటు ఇవ్వొచ్చు. అయితే మేమ్ అనే పేరు రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్. అనుమతి లేకుండా దాన్ని మీ పెట్టె మీదో, ప్రకటనలోనో వేసుకోకూడదు. ఫైనల్‌బర్న్ నియో, స్నెస్‌నైన్‌ఎక్స్ లాంటి ఎమ్యులేటర్లు ఇప్పటికీ వ్యాపారానికి పనికిరావు. రెడీమేడ్ ఇమేజ్‌లలో (నేరుగా కార్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మూటల్లో) ఇవన్నీ కలిసే వస్తాయి. అందుకే ఇమేజ్‌ను ఉన్నదున్నట్టు కార్డులోకి ఎక్కించి అమ్మితే, ఒక్క గేము కూడా లేకపోయినా లైసెన్సు ఉల్లంఘించినట్టే అవుతుంది. మేమ్ సైట్‌లో ఉచితంగా ఇచ్చే కొన్ని గేములు కూడా వ్యాపారేతర వాడకానికే.

మరి దారి? క్యాబినెట్, కంట్రోల్స్, స్క్రీన్, బోర్డు అమ్మండి. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లే ఎక్కించుకుంటారు. కార్డు ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పకపోతే, ఇప్పుడు సొంతంగా చిన్న గేములు రాస్తున్న వాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లని అడిగి, పెట్టెతో కలిపి అమ్ముకోవచ్చని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే రెండు మూడు గేములు పెట్టండి. నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే. పక్క పలకల మీద బొమ్మలకూ ఇదే మాట: పసుపుపచ్చ ప్యాక్‌మ్యాన్ ముఖం బదులు మీ సొంత బొమ్మ వేయించండి. కొన్నాళ్లకి ఆ బొమ్మ చూసే ఇది ఫలానావాళ్ల పనితనం అని గుర్తుపడతారు.

ప్రశ్న: నా దగ్గర రోజంతా ఆడినా ఏమీ కాని క్యాబినెట్, కొన్నాయన ఇంట్లో మాటిమాటికీ ఆగిపోతోంది. స్క్రీన్ మూలన మెరుపు గుర్తు కనిపిస్తోందట.

జవాబు: ఆ మెరుపు గుర్తు వోల్టేజి సరిపోవడం లేదని రాస్ప్‌బెర్రీ పై చేస్తున్న ఫిర్యాదు. 5 వోల్టులు అందాల్సిన చోట 4.63 కన్నా తగ్గితే అది కనిపిస్తుంది. ఆయన బహుశా ఇంట్లో ఉన్న ఫోన్ చార్జర్ పెట్టి ఉంటారు. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పై 5 అయితే 5 ఆంపియర్లది. చార్జర్ మంచిదైనా కేబుల్ సన్నగా, పొడవుగా ఉంటే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. బటన్ల లైట్లు, స్పీకర్ల ఆంప్లిఫయర్ కూడా బోర్డు పిన్నుల నుంచే తీసుకుంటున్నారేమో చూడండి. అలా తీసుకుంటే స్పీకర్లలో గుయ్‌మనే చప్పుడు కూడా రావచ్చు. వాటికి విడిగా సప్లయ్ ఇవ్వండి. అడాప్టర్ తప్పకుండా మీరే ఇవ్వండి. గోడ కరెంటు పెట్టె లోపలికి రానీయకుండా, బయట అడాప్టర్ ఉండే మానిటర్‌నే ఎంచుకోండి. పిల్లలు చేతులు పెట్టే వస్తువు ఇది, ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

వేడి కూడా చూసుకోవాలి. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే పై బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వెనక పలకకి అడుగున కొన్ని, పైన కొన్ని కంతలు పెడితే వేడి గాలి పైనుంచి పోయి చల్లగాలి కిందనుంచి వస్తుంది.

ఆట అయిపోగానే ప్లగ్గు లాగేయడం ఎవరికైనా అలవాటే. అలా లాగినప్పుడు కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. పై 4లో 5, 6 నంబర్ల పిన్నులకి ఒక పుష్ బటన్ కలిపి, సెట్టింగుల్లో షట్‌డౌన్ ఓవర్‌లే (బటన్‌తో బోర్డును ఆపే సెట్టింగు) ఆన్ చేయండి. నొక్కితే పద్ధతిగా ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. పై 5లో ఆ బటన్ బోర్డు మీదే ఉంది.

ప్రశ్న: మొదటి మూడు బటన్లు పనిచేస్తున్నాయి, నాలుగోది మొదలుకుని ఏవీ పనిచేయడం లేదు. అన్నీ మార్చాలా?

జవాబు: ఒక్కటీ మార్చక్కర్లేదు. బటన్ల నొక్కుళ్లను కంప్యూటర్‌కి చేరవేసే ఎన్‌కోడర్ బోర్డు నుంచి ఒకే గ్రౌండ్ వైరు బటన్ నుంచి బటన్‌కి గొలుసులా వెళ్తుంది. గొలుసు ఎక్కడ తెగితే అక్కడి నుంచి అన్నీ మూగబోతాయి. మూడో బటన్‌కీ నాలుగోదానికీ మధ్య ఉన్న క్లిప్పును వేళ్లతో పట్టుకుని మెల్లగా కదపండి. వదులుగా ఆడుతుంటే కారణం దొరికినట్టే. సాన్వా కంపెనీ బటన్ల టెర్మినల్ (క్లిప్పు తొడిగే రేకు) వెడల్పు 2.8 మి.మీ., హ్యాప్ తరహా మైక్రోస్విచ్‌లది 4.8 మి.మీ. పెద్ద క్లిప్పును చిన్న టెర్మినల్‌కి తొడిగి ప్లయర్‌తో నొక్కేస్తే ఇంట్లో బాగానే ఉంటుంది, రవాణాలో కుదుపులకి ఊడిపోతుంది. కొలతకి సరిపోయే క్లిప్పులే వాడండి. గొలుసు చివరి కొసను కూడా తెచ్చి ఎన్‌కోడర్ గ్రౌండ్‌కే కలిపితే, మధ్యలో ఒకచోట తెగినా అన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

ప్రశ్న: 19 అంగుళాల పాత మానిటర్ దొరికింది. నిలువుగా పెట్టాలా, అడ్డంగానా?

జవాబు: కొనేవాళ్లు ఏ ఆటలు ఆడతారో అడిగి నిర్ణయించండి. ఈ మానిటర్లు సాధారణంగా 1280×1024 చుక్కలవి (పిక్సెళ్లు). ప్యాక్‌మ్యాన్ బొమ్మ 224×288, అంటే నిలువు. మానిటర్‌ను నిలబెడితే సరిగ్గా నాలుగింతలు, 896×1152 వస్తుంది. ప్రతి చుక్కా సమానంగా, పదునుగా ఉంటుంది. అడ్డంగా ఉంచితే మూడింతలకే సరిపెట్టుకోవాలి. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి ఫైటింగ్ గేములైతే అడ్డంగానే పెట్టండి. నిలువు స్క్రీన్‌లో అవి నడుముకి కట్టిన పట్టీలా చిన్నగా కనిపిస్తాయి.

నిలువుగా పెడితే జాయ్‌స్టిక్ సంగతీ చూడండి. ప్యాక్‌మ్యాన్‌కి నాలుగు దిక్కులే ఉన్నాయి. ఎనిమిది దిక్కుల స్టిక్‌తో ఆడితే మలుపు దగ్గర చెయ్యి మూలకి జారి, తిరగాల్సిన చోట తిరగదు. సాన్వా జేఎల్‌ఎఫ్ స్టిక్ అయితే అడుగున ఉన్న చదరపు గేటును (స్టిక్ కదలికకి హద్దు పెట్టే పలకను) ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులదవుతుంది. బిగించాక ఒక ఆట మొత్తం మీరే ఆడి చూసి పంపండి.