లెట్ అనే మాట, దాని కింద నీ ఫుట్‌నోట్

అమ్మాయీ,

నీ కథ చదివాను. శంషాబాద్ విమానాశ్రయంలో కూతురు పాస్‌పోర్టు తెరిచి, అందులోని ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోయే చోటు నాకు బాగా నచ్చింది. మన రాష్ట్రపతి పేరిట ఇతర దేశాలను కోరే వాక్యం అది: ఈ మనిషిని 'లెట్ ఆర్ హిండ్రన్స్', అంటే అడ్డూ ఆటంకం లేకుండా స్వేచ్ఛగా వెళ్ళనివ్వండి అని. అందరూ చేతిలో పట్టుకుని తిరిగేదే గానీ ఎవరూ చదవరు. నువ్వు చదివావు. కానీ వెంటనే ఒక చుక్క గుర్తు పెట్టి, పేజీ కింద ఆ లెట్ అనే మాట చరిత్రంతా చెప్పేశావు. ఆ ఫుట్‌నోట్ తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

నువ్వు రాసిన విషయంలో తప్పు లేదు. ఇప్పుడు లెట్ అని ఒకే మాటగా కనిపించేవి పాత ఇంగ్లీషులో రెండు వేరు వేరు క్రియలే. ఒకదానికి వదలడం, పోనివ్వడం అని అర్థం. రెండోదానికి అడ్డుకోవడం, ఆలస్యం చెయ్యడం అని. మనం రోజూ వాడే లేట్ ఈ రెండోదానికి చుట్టం. పలకగా పలకగా రెండూ ఒకే రూపానికి వచ్చి, పూర్తిగా ఎదురెదురు అర్థాలు ఒకే మాటలో కాపురం పెట్టాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పౌలు రోమా వాళ్ళకు రాస్తూ, మీ దగ్గరికి రావాలని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ ఇంతవరకూ 'లెట్' అయ్యాను అంటాడు. అంటే ఆటంకం వచ్చిందని. ఇప్పుడు ఆ అర్థం పాస్‌పోర్టు లాంటి సర్కారీ కాగితాల్లోనూ, సర్వీసు బంతి నెట్‌కి తగిలి అవతల సరైన చోటే పడితే మళ్ళీ వేయించే టెన్నిస్‌లోనూ మిగిలింది. మన వీధుల్లో గేట్లకు వేలాడే టులెట్ బోర్డులోది మాత్రం మొదటి లెట్టే.

ఇక షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ మొదటి అంకం, నాలుగో రంగం తీసి చూడు. తండ్రి దయ్యం రమ్మని సైగ చేస్తుంది. హామ్లెట్ వెళ్ళబోతాడు, పక్కనున్న హొరేషియో, మార్సెలస్ అతన్ని గట్టిగా పట్టుకుంటారు. చేతులు తీయండి అని అరిచి, నన్ను 'లెట్' చేసినవాణ్ణి దయ్యాన్ని చేస్తా అంటాడు. చంపేస్తా అనడానికి ఆ మాట! ఎదురుగా నిజంగానే ఒక దయ్యం నిలబడి ఉండగా. అతను వెళ్ళిపోయాక మార్సెలస్ నోటివెంట వచ్చేది 'లెట్స్ ఫాలో', వెనకాలే వెళ్దాం పద అని. కొద్ది వరుసల తేడాలో రెండు లెట్‌లూ వచ్చేశాయి. పాత అర్థం తెలియని ఈనాటి ప్రేక్షకుడు కూడా అక్కడ తికమకపడడు. ఎందుకంటే ఆ మాట పలికేటప్పుడు హామ్లెట్ ఒంటిమీద ఇద్దరి చేతులు ఉన్నాయి. అర్థం ఆ చేతుల్లో ఉంది.

నీకు చెప్పదలచుకున్నది ఇదే. రెండర్థాల మాట వాడినప్పుడు, ఏ అర్థం కావాలో ఆ చోటే చెప్పాలి, నువ్వు చెప్పకూడదు.

మన ఇళ్ళలో బియ్యం నిండుకున్నాయి అంటారు కదా. అయిపోయాయి అనడం అశుభమని పెద్దవాళ్ళు అలా తిప్పి చెప్పారు. ఈ కాలం పిల్లలు చాలామంది డబ్బా నిండిందనే అనుకుంటారు. నీ కథలో ఒక అమ్మ ఆ మాట అంటే కింద వివరణ రాస్తావా? డబ్బా అడుగున సోల గీరుకున్న చప్పుడు ఒక్కటి వినిపించు, చాలు.

శ్లేషకు వ్యాఖ్యానం తోడుగా ఉండే చోట్లూ ఉన్నాయి. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణంగానూ భారతంగానూ సాగుతుంది. టీక దగ్గర పెట్టుకుని విప్పుకోవడమే అక్కడి ఆనందం, చదివేవాడు దానికి సిద్ధపడే కూర్చుంటాడు. నీ కథ చదివేవాడు మాత్రం ఆ అమ్మాయి విమానం ఎక్కుతుందా లేదా అని చూస్తుంటాడు. సరిగ్గా ఆ క్షణంలో అతని కళ్ళను పేజీ అడుగుకు దించావు. మళ్ళీ పైకి వచ్చేసరికి తండ్రి మొహం చెదిరిపోయింది.

నీ దగ్గర అంతకంటే మంచి సరుకు ఉంది. ఆ తండ్రి సరే వెళ్ళు అంటూనే ట్రాలీ పిడి వదలడు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. లెట్‌కి ఉన్న రెండర్థాలూ ఆ చేతిలోనే ఉన్నాయమ్మా. ఆ పిడి దగ్గర ఇంకాస్త సేపు ఉండు. కూతురు లాగిందా? సెక్యూరిటీ అతను ఏమన్నాడు? వెనక క్యూలో వాళ్ళు విసుక్కున్నారా? పాస్‌పోర్టు వాక్యం దానికి ముందో వెనకో ఒక్కసారి వస్తే సరిపోతుంది. పక్కన తెలుగు అర్థం కూడా వద్దు. 'హిండ్రన్స్' అన్న మాట జంటగా ఉంది కాబట్టి తెలిసినవాళ్ళు పట్టుకుంటారు, తెలియనివాళ్ళకు తండ్రి చెయ్యి కనిపిస్తుంది.

చివర్లో కూతురు ఆ మాట గురించి స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పే పేరా కూడా ఫుట్‌నోటే, వేషం మార్చుకుని వచ్చింది. అదీ తీసెయ్. ట్రాలీ భాగం తిరగరాశాక ఆ రెండు పేజీలు మాత్రం పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.