ఊళ వినాలంటే వెనక లైటు ఆర్పాలి

చిరంజీవి అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. తాళాలు ఎక్కడున్నాయో, హీటర్ ఎలా వేయాలో ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాశాను. ఇది వేరే ఉత్తరం. "క్రిస్మస్‌కి మీ ఇంట్లో ఉన్నప్పుడు పిల్లలకి నక్కలాంటి ఆ కొయోటీల ఊళ వినిపించాలని ఉంది, వినిపిస్తాయా పెద్దమ్మా?" అని అడిగావు. "ఆ, ఎందుకు వినిపించవూ" అని ఫోన్ పెట్టేశాను గానీ మనసు ఊరుకోలేదు. మీరు అరిజోనాలోని ఈ టూసాన్ వచ్చేసరికి నేనూ పెదనాన్నా రాజమండ్రిలో ఉంటాం. అందుకే రాసి పెడుతున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం. అప్పుడు మీ అక్కకి ఐదేళ్ళు. సాయంత్రం వెనక గోడ దగ్గర రాళ్ళు పేర్చుకుని ఆడుకుంటోంది. పెద్దరోడ్డు మీద అంబులెన్స్ కూత పెట్టుకుంటూ పోయింది, అంతే, వాగులోంచి ఒక్కసారిగా ఊళలు. సైరన్ వింటే ఇవి బదులు పలుకుతాయని నాకప్పుడు తెలీదు. పరుగున వెళ్ళి పిల్లని చంకనేసుకొచ్చి తలుపులు మూసేశాను. "నక్క కూస్తే కీడు, వినకూడదు" అన్నాను. చిన్నప్పుడు చెరుకు తోటల్లో నక్కలు కూస్తే మా నాయనమ్మ నా చెవులు మూసి అదే మాట అనేది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మీ అక్క చీకటి పడితే పెరట్లో అడుగు పెట్టలేదు. పిల్ల దానంతటది భయపడలేదు, నేనే నేర్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి తల్లీ, ఊళ మొదలవగానే నీ చెయ్యి పిల్లల భుజం మీద బిగుసుకోకుండా చూసుకో. వాళ్ళు ముందు నీ మొహమే చూస్తారు.

ఈ కొయోటీలు మన నక్కకి వరసకు అన్నదమ్ముల్లాంటివి. ఈ ఎడారిలో తిరిగేవి మహా అయితే పది పన్నెండు కిలోలుంటాయి. బొచ్చు వల్ల పెద్దగా కనిపిస్తాయి. కొయోటీ అన్న పేరు మెక్సికోలోని నవాత్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చింది. ఈ నేల అసలు మనుషులైన తోహోనో ఓఅధమ్ వాళ్ళు దీన్ని బాన్ అంటారు. మన నక్క రేగుపళ్ళ కోసం తిరిగినట్టే ఇది నాగజెముడు పళ్ళు, మెస్కీట్ కాయలు తింటుంది. మెస్కీట్ అంటే నీకు తెలిసిందే, మన సర్కారు తుమ్మ జాతి చెట్టు. గోడ అవతల ఉన్నవన్నీ అవే.

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. సువారో నేషనల్ పార్కు దగ్గరే కదా, రాత్రి కారేసుకుని పోదామని మీ ఆయన అనొచ్చు. పగలు వెళ్ళండి, ఆ పెద్ద పెద్ద జెముళ్ళని పిల్లలకి చూపించండి. ఊళకి మాత్రం మన పెరడే మేలు. గోడ వెనక ఎండిన వాగుంది చూడు, ఇక్కడ వాష్ అంటారు, వానొస్తే తప్ప నీళ్ళుండవు. మనకి రోడ్డెలాగో వాటికి ఆ వాగు అలాగ. పొద్దున పిల్లల్ని ఇసకలోకి తీసుకెళ్ళు, అడుగులు కనిపిస్తాయి. కుక్క పాదం కంటే సన్నగా, కోలగా, ఒకే వరసలో గీత గీసినట్టు ఉంటాయి. అవి ఏ వైపు వెళ్ళాయో చూసుకుంటే రాత్రి కుర్చీలు ఎటు తిప్పాలో తెలిసిపోతుంది.

డిసెంబర్ చివర ఐదుంపావు, ఐదున్నర మధ్య పొద్దు గూకుతుంది. వెలుగు పోయాక గంటసేపు ఒక అదును. రెండోది తెల్లవారుజామున. ధనుర్మాసంలో తిరుప్పావైకి లేచే అలవాటు మీ అమ్మ నీకు చేసే ఉంటుంది, ఆ నాలుగు, ఐదు గంటల వేళే. నాకు ఇదే ఇష్టం. రోడ్డు మీద కార్లుండవు. గాలి లేని చలి రాత్రుల్లో నేలనంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం వినిపిస్తుంది. ఎక్కడో మైలు అవతల అరిచింది కూడా గోడ పక్కనే అన్నట్టుంటుంది, టెన్షన్ పడకు. గాలి వీచే రాత్రయితే హాయిగా దుప్పటి కప్పుకుని పడుకోండి, లాభం లేదు. చలికాలంలోనే ఇంత గోల ఎందుకంటే, జనవరి నుంచి మార్చి దాకా వాటి జతకట్టే కాలం. దానికి ముందే మగా ఆడా తమ చోటు తమదని చాటుకుంటాయి. వేటాడిన ప్రతిసారీ అరుస్తాయని ఇక్కడివాళ్ళు అంటుంటారు, అది నిజం కాదు. విడిపోయినవి కలుసుకోవడానికీ, పక్క గుంపుకి హద్దు చెప్పడానికీ అరిచేదే ఎక్కువ.

వంటింటి లైటుతో సహా వెనకవైపు లైట్లన్నీ ఆర్పెయ్యి. ఫోన్లు లోపల పెట్టండి. రికార్డు చేద్దామని ఒకరు ఫోన్ తీస్తే చీకటికి అలవాటుపడ్డ అందరి కళ్ళూ ఆ వెలుక్కి మళ్ళీ మొదటికొస్తాయి. చలికి కరకరలాడే జాకెట్లు వద్దు, చెయ్యి కదిపితే చాలు చప్పుడు. హాల్లో బీరువాలో పాత ఉన్ని శాలువాలున్నాయి, అవి కప్పండి. చెవుల మీద టోపీ కొంచెం పైకి లాగండి. ప్లాస్టిక్ కుర్చీలు కాక నవారు మంచం వేసుకోండి, కిర్రుమనదు. ఫ్లాస్కులో పాలు పోసుకోండి గానీ చిప్స్ ప్యాకెట్లు బయటికి తేవద్దు.

పిల్లలు ఊరికే కూర్చోలేరు కదా. సాయంత్రమైతే ఆకాశంలో పిల్లలకోడి, గొల్లకావడి చుక్కల్ని చూపించు. ఆ వేళకి పిల్లలకోడి బాగా పైకొచ్చి ఉంటుంది, గొల్లకావడి తూర్పున లేస్తుంటుంది. తర్వాత ఒక పని అప్పగించు: ఊళ మొదలైతే ఎన్ని గొంతులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టమను.

మొదట ఒకటి రెండు పొడి మొరుగులు. తర్వాత ఒక్క గొంతు సన్నగా లేచి పైకి, ఇంకా పైకి సాగుతుంది. అది తెగకముందే రెండోది అందుకుంటుంది. ఆ పైన బడి వదిలినప్పుడు పిల్లలంతా ఒక్కసారి గేటు మీద పడితే ఎలా ఉంటుందో అలాగ, కీచులు, కేకలు, ఒకదాని మీద ఒకటి. ఒక నిమిషం ఉంటుందేమో. ఠక్కున ఆగిపోతుంది, ఎవరో కత్తిరించినట్టు. అప్పుడు లేవకండి. "అయిపోయింది, పదండి" అని అందరూ లేచేది అక్కడే. నోరు కొంచెం తెరిచి, చెవుల వెనక అరచేతులు దొన్నెల్లా పెట్టుకుని వినండి. రింకాన్ కొండల వైపు నుంచి ఇంకో గుంపు జవాబిస్తే చాలా సన్నగా వస్తుంది. నేను ఇన్నేళ్ళుగా కూర్చునేది ఆ రెండో దాని కోసమే.

అప్పుడు లెక్క అడుగు. ఏడని ఒకరు, పదని ఒకరు అంటారు. నిజానికి రెండో మూడో ఉంటాయి. ఒక్కో గొంతు క్షణానికో తీరుగా మారుతుంది, రాళ్ళకి తగిలి తిరిగొస్తుంది, గుంపంత వినిపిస్తుంది. ఈ మాట ముందే చెప్పేయకు.

రెండు రాత్రులు ఏమీ వినపడకపోవచ్చు. అప్పుడు గుడ్లగూబలుంటాయి. ఈ నెలల్లో జంటగా మాట్లాడుకుంటాయి, బొంగురు గొంతు మగది. దానికీ కీడని పేరు పెట్టకండి. ఫోన్లో కొయోటీ అరుపులు పెట్టి పిలవడం మాత్రం వద్దు. తమ చోట్లోకి ఎవరో వచ్చారని అవి కంగారు పడతాయి. పిల్లలు తిరిగి ఊళ వేస్తామన్నా నేనైతే ఒప్పుకోను.

మీ కుక్కపిల్ల సంగతి గట్టిగా చెప్తున్నాను. చీకటి పడ్డాక దాన్ని పెరట్లో ఒంటరిగా వదలొద్దు, గొలుసు చేతిలో ఉండాలి. మన గోడ వాటికి ఒక లెక్క కాదు. దాని గిన్నె లోపలే పెట్టు. మా వీధిలో ఒకరు జాలిపడి మాంసం ముక్కలు పెట్టేవారు. ఈ ఊరున్న పీమా కౌంటీలో అడవి జంతువులకు తిండి పెట్టడం నేరమని చెప్పినా వినలేదు. అలవాటుపడ్డ కొయోటీ మనుషుల వెంట రావడం మొదలెట్టింది, చివరికి దాన్ని చంపేశారు. ఆ చలికాలం మా వాగు మూగబోయింది. ఎప్పుడైనా ఒకటి గోడ ఎక్కి కనిపిస్తే పరిగెత్తకండి. పిల్లల్ని వెనక్కి పెట్టుకుని, చేతులు పైకెత్తి గట్టిగా కేకెయ్యి, అదే పోతుంది.

అన్నట్టు వెనక గేటు బందు కిర్రుమంటుంది. స్టవ్ పక్కన కొబ్బరినూనె సీసా ఉంది, పొద్దుండగానే రెండు చుక్కలు వెయ్యి. ఏ రాత్రి విన్నారో, ఎటు నుంచి వచ్చిందో వాట్సాప్‌లో చెప్పు. మాకు పగలే కాబట్టి మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ