మందులు అయిపోయాయి, ఆయాసం పోలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, మాది జగిత్యాల దగ్గర పల్లె. గల్ఫ్‌లో మార్బుల్ కటింగ్ పని చేసేవాణ్ణి. టీబీ వస్తే ఇంటికొచ్చి ఆరు నెలల కోర్సు పూర్తి చేశాను, కఫం నెగటివ్ అన్నారు. అయినా కాస్త వేగంగా నడిస్తే ఆయాసం. మళ్లీ వెళ్దామంటే మెడికల్‌లో ఎక్స్‌రే చూసి అన్‌ఫిట్ చేశారు. మచ్చ పోయే మందు ఉందని ఒకాయన 40 వేలు అడుగుతున్నాడు. అమ్మ ఇంకా నా కంచం వేరే పెడుతోంది. రోగం పోయినట్టా, పోనట్టా?

జవాబు: ముందు ఆ 40 వేలు ఇవ్వకండి. ఎక్స్‌రేలో కనిపించేది ఊపిరితిత్తిలో పుండు మానిన చోట మిగిలిన మచ్చ, ఏ మాత్రా ఏ ఇంజెక్షనూ దాన్ని చెరపలేదు. గల్ఫ్ మెడికల్‌లో పాత మచ్చ కనిపించినా అన్‌ఫిట్ రాసేస్తారు, జబ్బు తగ్గిపోయినా సరే. కోర్సు పూర్తి చేసిన మనిషికి ఇలా బతుకుదెరువు మూసేయడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. నెగటివ్ అంటే కఫంలో క్రిములు కనిపించలేదని అర్థం, ఊపిరితిత్తి మునుపటిలా అయిందని కాదు. చాలామందికి లోపల కొంత భాగం గట్టిపడి, గాలిగొట్టాలు సాగి ఉండిపోతాయి, ఆయాసం అక్కణ్నుంచే వస్తుంది. ఈ ముక్క మందులు ఆపేరోజే చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు, మనిషేమో రోగం తిరగబెట్టిందేమోనని రోజూ టెన్షన్ పడుతూ ఉంటాడు. మీరు ఛాతీ డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ చేయించుకోండి, గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష అది. అవసరమని ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడొద్దు. రోజూ నడవండి, ఆయాసం వస్తే ఆగి, ముక్కుతో పీల్చి, పెదాలు ముడిచి మెల్లగా వదిలి, మళ్లీ నడవండి. బీడీ, సిగరెట్ ఉంటే ఈరోజే మానేయాలి.

మీ పని గురించి డాక్టర్‌కు తప్పక చెప్పండి. రాయి కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, టీబీ వచ్చే ముప్పునూ పెంచుతుంది, కాబట్టి మీ ఆయాసంలో దాని వాటా ఎంతో కూడా చూడాలి. ఇక్కడైనా సరే నీళ్లు పోయకుండా పొడిగా కోసే పనికి మళ్లీ వెళ్లొద్దు.

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది, అందుకే కోర్సు అయ్యాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ప్రభుత్వ టీబీ కేంద్రంలో చూపించుకోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలకు మించి దగ్గు ఉంటే అప్పటిదాకా ఆగొద్దు. కఫంలో రక్తం పడితే అదేరోజు వెళ్లండి, పాత మచ్చల వల్ల కూడా పడొచ్చు కానీ ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. కఫంలో టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష చనిపోయిన క్రిముల వల్ల కూడా పాజిటివ్ రావచ్చు, కాబట్టి కల్చర్ కూడా చేయమని అడగండి, బతికున్న క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే పరీక్ష అది.

అమ్మకు ఈ జవాబు చదివి వినిపించండి. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది, కంచం వల్ల, గ్లాసు వల్ల, తిండి పంచుకోవడం వల్ల అంటదు. జబ్బు ఉన్నప్పుడే కంచం వేరు చేయాల్సిన పని లేదు, ఇప్పుడు అసలే లేదు. అమ్మకు అంత భయంగా ఉంటే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, టీబీ పరీక్షలు చేయించండి, అవసరమైతే ముందుజాగ్రత్త మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.