టెక్ సందేహాలు: మీ ఇన్వర్టర్‌ను ఎవరు ఆపగలరు?

ఇన్వర్టర్ అంటే ఇక్కడ సోలార్ ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె. సోలార్ పెట్టించుకున్నవాళ్లు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు. విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను, దాంతోపాటు మరికొన్ని.

ప్రశ్న: ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాం. అప్పట్నుంచి సోలార్ యాప్‌లో 'ఆఫ్‌లైన్' అని వస్తోంది. కరెంటు తయారవుతున్నట్టా, కానట్టా?

తయారవుతోంది. ఇన్వర్టర్ స్క్రీన్ మీద వాట్లు కనిపిస్తుంటే యాప్ మాట పట్టించుకోనక్కర్లేదు. ఇన్వర్టర్ అడుగున గుచ్చి ఉన్న వేలెడంత వై-ఫై స్టిక్‌కు మీ పాత రూటర్ పేరు, పాస్‌వర్డ్ మాత్రమే తెలుసు. కొత్త వివరాలు ఇచ్చి మళ్లీ సెటప్ చేయాలి. ఈ స్టిక్‌లలో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే అందుతుంది. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లు రెండూ ఒకే పేరుతో ఉంటే వేర్వేరు పేర్లు పెట్టి విడదీయండి. ఫిర్యాదుకు జవాబు ఇంతే.

నాకు టెన్షన్ పుట్టించేది మీరు అడగనిది. సెటప్ కోసం ఇన్వర్టర్ దగ్గర నిలబడినప్పుడు ఫోన్‌లో వై-ఫై జాబితా తెరవండి. మీ రూటర్ కాకుండా, రెండు మూడు అక్షరాల వెనక పొడవాటి అంకెలతో ఇంకో నెట్‌వర్క్ కనిపిస్తుంది. అది మీ స్టిక్ సొంతంగా నడుపుతున్న వై-ఫై. ఆ అంకెలు చాలాసార్లు దాని సీరియల్ నంబరే. పాస్‌వర్డ్ ఎన్నో మోడళ్లలో 12345678, కొన్నింటిలో అసలు ఉండదు. లోపలికి వెళ్లి బ్రౌజర్‌లో సెటింగ్స్ పేజీ తెరిస్తే యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. సెటప్ పూర్తయ్యాక ఈ నెట్‌వర్క్ దానంతట అదే ఆగిపోవాలి. చాలా వాటిలో ఆగదు, రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. కొన్ని రకాల్లోనైతే ఆ పేజీలో మీ ఇంటి వై-ఫై పాస్‌వర్డ్ కనీసం చుక్కల వెనక కూడా దాగకుండా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. గేటు బయట ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషి మీ ల్యాప్‌టాప్, కెమెరాలు ఉన్న నెట్‌వర్క్‌లోకి ఇన్వర్టర్ దారిన వచ్చేయొచ్చు.

దీన్ని తయారీదారులు వాడేవాళ్ల బాధ్యతగా తోసేస్తారు. పాస్‌వర్డ్ మార్చమని పెట్టెలో వచ్చే కాగితంలో మాత్రం పెద్ద అక్షరాలతో రాయరు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి, ఇంట్లో వాడే స్మార్ట్ పరికరాలను ఇలా అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో అమ్మడం చట్టవిరుద్ధం. అంటే చేయలేని పని కాదు. ఎవరూ మెడ మీద కూర్చోకపోతే చేయరు, అంతే.

స్టిక్ పేజీలో వై-ఫై పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. దాని సొంత నెట్‌వర్క్‌ను ఆపే వీలుంటే ఆపేయండి. స్టిక్‌ను రూటర్‌లో అతిథుల కోసం వేరుగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌కు కలపండి, ఇంట్లో ఫోన్లున్న నెట్‌వర్క్‌కు వద్దు. కొత్త ఇన్వర్టర్ పక్కన నవ్వుతూ ఫోటో దిగి పోస్టు చేసేవాళ్లకు ఇంకో మాట: పక్కనున్న స్టిక్కర్ మీది సీరియల్ నంబరు, క్యూఆర్ కోడ్ ఆ ఫోటోలో చక్కగా చదవొచ్చు. కొన్ని యాప్‌లలో పరికరాన్ని ఖాతాకు కలుపుకోవడానికి కావలసింది అవే.

ప్రశ్న: బిగించిన కంపెనీవాళ్లు వాళ్ల ఆఫీసు నుంచే మా సిస్టమ్ చూస్తున్నారు. ఏదైనా తేడా వస్తే వాళ్లే ఫోన్ చేస్తారట. ఇది మంచిదే కదండీ?

చూడడం మంచిదే. వాళ్ల ఖాతా చూడడంతో ఆగుతుందా అన్నది అడిగారా? ఇన్‌స్టాలర్ ఖాతాకు చాలా సిస్టమ్‌లలో ఇన్వర్టర్‌ను ఆపే, వోల్టేజి పరిమితులు మార్చే, బ్యాటరీ ఎప్పుడు చార్జ్ కావాలో నిర్ణయించే అధికారం ఉంటుంది. ఆ ఖాతాలో మీ ఇల్లొక్కటే ఉండదు, వాళ్లు బిగించిన ఇళ్లన్నీ ఉంటాయి. దాని పాస్‌వర్డ్ ఆఫీసులో అందరికీ తెలిసి ఉంటే, నిరుడు ఉద్యోగం మానేసిన కుర్రాడికీ తెలుసన్నమాటే.

"మా మేడ మీది మూడు కిలోవాట్లతో హ్యాకర్‌కు ఏం పని?" అని అడిగేవాళ్లకు: కరెంటుతో పనే లేదు. 2024లో జపాన్‌లో సోలార్ కేంద్రాల పర్యవేక్షణ పరికరాలు సుమారు 800 హ్యాకర్ల చేతిలో పడ్డాయి. బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు కాజేసేటప్పుడు తమ ఆచూకీ తెలియకుండా ఉండటానికి కొన్నింటిని వాడుకున్నారు. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2023లో తొమ్మిది ఇన్వర్టర్లను పరీక్షిస్తే, సైబర్ భద్రతలో ఒక్కటీ పాస్ కాలేదు. అదీగాక అందరి ఇళ్లకూ కరెంటు అందించే గ్రిడ్‌లో తయారయ్యే కరెంటు, వాడే కరెంటు ఏ క్షణానికి ఆ క్షణం సరిపోవాలి. ఒక ఇన్వర్టర్ ఆగితే ఎవరికీ తెలియదు. ఒకే క్లౌడ్ కింద, అంటే ఒకే కంపెనీ సర్వర్ల అదుపులో ఉన్న లక్ష ఇన్వర్టర్లు ఎండ మండుతున్న వేళ ఒకేసారి ఆగితే ఆ తేడాను అప్పటికప్పుడు పూడ్చడానికి గ్రిడ్ నడిపేవాళ్లు తలకిందులు కావాలి.

కాబట్టి ప్రధాన ఖాతా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి. బిగించినవాళ్లకు చూసే అనుమతి చాలు. రిపేరు ఉన్నప్పుడు మిగతాది ఇచ్చి, పని కాగానే తీసేయండి. బయటినుంచి తేలిగ్గా చూడొచ్చని ఎవరైనా రూటర్‌లో పోర్ట్ 502 (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే ఒక దారి) తెరిచి ఉంటే వెంటనే మూసేయండి. ఇన్వర్టర్లు ఆ పోర్ట్‌లో మాట్లాడే మోడ్‌బస్ పద్ధతి మూలం 1979 నాటిది. ఒకే ఫ్యాక్టరీలోని యంత్రాలు మాట్లాడుకోవడానికి పుట్టింది కనుక, అందులో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు.

ప్రశ్న: ఇన్వర్టర్‌కు అప్‌డేట్ వచ్చింది. చేయాలా, వద్దా?

చేయండి, కానీ మంచి ఎండ ఉన్న పగటిపూట. బ్యాటరీ లేని ఇన్వర్టర్ రాత్రి నిద్రపోతుంది, సాయంత్రం మొదలుపెడితే అప్‌డేట్ సగంలో తెగిపోవచ్చు. ముందుగా సెటింగ్స్ పేజీలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత బ్యాటరీ పరిమితులు మళ్లీ ఫ్యాక్టరీ విలువలకు మారాయని ఎన్ని ఉత్తరాలో!

ఆ అప్‌డేట్‌లో ఏముందో చెబుదామంటే అక్కడ రాసింది "లోపాల సవరణ, పనితీరు మెరుగుదల" అని మాత్రమే. ఏ లోపం? బల్బు యాప్‌కు ఈ మాట చెల్లుతుందేమో. వందల వోల్టుల డీసీ కరెంటును పట్టుకుని ఉన్న పెట్టెకు చెల్లదు. నా మేడ, నా ప్యానెళ్లు, నా గోడకున్న ఇన్వర్టర్. పది అడుగుల దూరంలో కూర్చుని ఇప్పుడెంత కరెంటు వస్తోందో చూడాలంటే ఆ అంకె ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌కు వెళ్లి, ఐదు నిమిషాలు ఆలస్యంగా తిరిగి రావాలి. పైగా దానికో ఖాతా, ఫోన్ నంబరు, లొకేషన్ అనుమతి. రేపు ఆ కంపెనీ మూతపడితే? ఇంటర్నెట్ పీకేసినా ఇంట్లో నెట్‌వర్క్ మీద అన్నీ చూపించే ఇన్వర్టర్లు ఉన్నాయి. కొనేముందు సామర్థ్యం 97 శాతమా, 98 శాతమా అని గంటసేపు వాదించేవాళ్లు, నెట్ లేకపోతే ఇది ఎలా పనిచేస్తుందని మాత్రం అడగరు.

ప్రశ్న: కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతోంది. ఇన్వర్టర్ పాడైందా?

లేదు. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ అలాగే ఆగాలి. లేకపోతే మీ మేడ మీది కరెంటు వైర్లలోకి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ, దానితోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కరెంటు పోగానే ఆగే ఆ సెటింగ్‌ను మార్చేస్తానని ఎవరైనా అంటే వద్దనండి.

ప్రశ్న: మేడ మీద చిన్న గాలిమర పెడితే రాత్రిపూట కూడా కరెంటు వస్తుంది కదా. ఆన్‌లైన్‌లో ఒకటి చూశాను. రెక్కల చుట్టుకొలత కాదు, అడ్డంగా కొలిస్తే ఒక మీటరు. 1000 వాట్లు, యాప్ కంట్రోల్ కూడా ఉంది.

ఆ 1000 వాట్లు పచ్చి అబద్ధం. మీటరు వెడల్పు రెక్కల గుండా సెకనుకు 12 మీటర్ల వేగంతో, అంటే చెట్లు ఊగిపోయే గాలి వీచినా అందులో ఉండే మొత్తం శక్తి సుమారు 830 వాట్లు. ఏ గాలిమరా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఒక శతాబ్దం కిందటే లెక్కగట్టాడు. అంటే 490 వాట్లు గరిష్ఠం, చిన్న మరలకు అందులో సగం వస్తే గొప్ప. గాలి వేగం మూడో వంతుకు తగ్గితే శక్తి 27వ వంతుకు పడిపోతుంది. మామూలుగా ఇళ్ల మీద వీచే సెకనుకు నాలుగు మీటర్ల గాలికి మీకు దక్కేది సుమారు 10 వాట్లు. గోడలకు, ట్యాంకులకు తగిలి సుళ్లు తిరిగే గాలిలో అదీ రాదు. 150 మీటర్ల చుట్టుపక్కల ఉన్న అన్నిటికంటే తొమ్మిది పది మీటర్లు ఎత్తున స్తంభం వేయగలిగితేనే దీని గురించి ఆలోచించండి.

అలాంటి చోటు ఉన్నవాళ్లు కూడా సోలార్ చార్జ్ కంట్రోలర్‌కు గాలిమరను కలపకూడదు. బ్యాటరీ నిండితే అది ప్యానెల్‌ను తెంచేస్తుంది, ప్యానెల్‌కు ఏమీ కాదు. గాలిమరకు లోడు, అంటే దాని కరెంటును లాక్కునేది, తెగితే రెక్కలకు పట్టు పోయి, విరిగి ఎగిరేదాకా వేగం పెరుగుతుంది. మిగులు కరెంటును హీటర్ లాంటి దానికి మళ్లించే కంట్రోలర్ వేరే ఉంటుంది. స్తంభం అడుగున, జనరేటర్ మూడు వైర్లనూ కలిపి ఆపే చేతి స్విచ్ కూడా ఉండాలి. మీరు పంపిన ఫోటోలో అది లేదు, బ్రేక్ బటన్ యాప్‌లో ఉంది. గాలివానలో మొదట పోయేది ఇంటర్నెట్టే. ఆ మోడల్ కొనకండి.