పాఠకుల ప్రశ్నలు: భోగి పొగను ఉపగ్రహం ఎందుకు చూడలేదు?

ప్రశ్న: పోయిన భోగినాడు తెల్లవారుజామున మా వీధిలో నాలుగైదు చోట్ల మంటలు వేశారు. కిటికీలు మూసుకున్నా మా మామగారికి దగ్గు ఆగలేదు. మర్నాడు మా అబ్బాయి ఫోనులో ఉపగ్రహ పటం చూపిస్తే, మన ఊరిమీద ఏరోసాల్ విలువ ముందు రోజుకూ భోగికీ ఇంచుమించు ఒక్కటిగానే ఉంది. ఇందులో ఏది నమ్మాలి?
(సత్యనారాయణపురం, విజయవాడ నుండి ఒక పాఠకురాలు)

జవాబు: రెండింటినీ నమ్మవచ్చు. మీ మామగారి ఊపిరితిత్తులు నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న గాలిని పరీక్షించాయి. ఉపగ్రహం నేల నుండి వాతావరణం పైఅంచు వరకు ఉన్న గాలిని మొత్తం ఒకే స్తంభంగా లెక్కగట్టింది. ఈ తేడాను మనసులో ఉంచుకోకుండా ఆ రంగురంగుల పటాలను చదివితే తికమక తప్పదు.

ఏరోసాల్ అంటే గాలిలో తేలియాడే సూక్ష్మమైన ఘన, ద్రవ కణాలు. పొగ, మట్టి దుమ్ము, బంగాళాఖాతం నుండి వచ్చే ఉప్పు కణాలు, బొగ్గు మండినప్పుడు వెలువడే వాయువు నుండి పుట్టే సల్ఫేట్లు, అన్నీ ఇందులోకే వస్తాయి. పటంలో రంగుగా చూపేది వీటి బరువును కాదు, ఇవి వెలుతురును ఎంత అడ్డుకుంటున్నాయన్న సంగతిని. దీన్ని ఏరోసాల్ కాంతి మందం అంటారు. సూర్యుడు నడినెత్తిన ఉండగా ఈ విలువ 0.5 అయితే నేరుగా రావలసిన కిరణాలలో ఏరోసాల్‌ను దాటి వచ్చేవి నూటికి సుమారు 61 మాత్రమే. విలువ 1 అయితే 37.

ఇక మీ భోగి సంగతి చిన్న లెక్కతో చూద్దాం. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దానిని ఆనుకున్న గాలి బరువెక్కి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూత 200 మీటర్ల ఎత్తున ఉందనీ, మంటల వల్ల దాని కింద ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల పొగ అదనంగా చేరిందనీ అనుకుందాం. రెండున్నర మైక్రాన్ల లోపు సన్నని కణాలకు, అంటే పీఎం 2.5కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), మన దేశంలో 24 గంటల సగటు పరిమితి 60 మైక్రోగ్రాములు కాబట్టి, పీల్చేవారికి ఇది చిన్న మొత్తం కాదు. అయితే స్తంభం మొత్తానికి లెక్కిస్తే ఒక చదరపు మీటరు నేలమీద చేరిన పొగ 20 మిల్లీగ్రాములే. ఒక గ్రాము పొగ సుమారు 4 చదరపు మీటర్ల మేర వెలుతురును అడ్డుకుంటుంది కనుక, ఈ అదనపు పొగ వల్ల పెరిగే కాంతి మందం 0.08. నాసావారి ఉపగ్రహాలలోని మోడిస్ పరికరం భూభాగం మీద కొలిచే విలువలో 0.05తో పాటు, ఆ విలువలో నూటికి 15 వంతుల దాకా అటూఇటూ ఉండవచ్చునని దానిని రూపొందించినవారే చెప్పారు. అప్పటికే గాలిలో 0.4 ఉందనుకుంటే ఆ ఊగిసలాట 0.11 అవుతుంది. మీ వీధి పొగ ఆ ఊగిసలాటలోనే కలిసిపోయింది.

దీనికి వేళ ఒకటి తోడయింది. మోడిస్‌ను మోసుకెళ్ళిన టెర్రా ఉపగ్రహాన్ని 1999లోనూ, ఆక్వాను 2002లోనూ ప్రయోగించారు. మొదటిది ఉదయం పదిన్నర ప్రాంతంలో, రెండవది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో భూమధ్యరేఖను దాటేలా కక్ష్యలను ఏర్పరచారు. భోగి మంట అయిదింటికి వేసి ఏడింటికి ఆర్పితే, పదిన్నరకు ఎండ ఎక్కి, మూత తొలగి, గాలి కదిలి, పొగ పొరుగూళ్ళకు వెళ్ళిపోయి ఉంటుంది. ఒకవేళ ఉపగ్రహం సరిగ్గా ఆ వేళకే వచ్చినా, కృష్ణ మీద పరచుకున్న పొగమంచును మేఘమని లెక్కగట్టి పటంలో ఆ చోటి గడిని ఖాళీగా వదిలేసేది. వర్షాకాలంలో రోజుల తరబడి మన జిల్లాల మీద పటం ఖాళీగా ఉండడానికి కారణం కూడా మేఘాలే. ఖాళీ గడిని చూసి గాలి శుభ్రంగా ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మరొక చిక్కు కింద ఉన్న నేలతో వస్తుంది. ఉపగ్రహానికి చేరే వెలుతురులో కణాలు చెదరగొట్టినది కొంత, నేల తిప్పికొట్టినది కొంత. వీటిని విడదీయడానికి 2.1 మైక్రాన్ల పరారుణ కాంతిని ఆసరా చేసుకుంటారు. ఆ తరంగదైర్ఘ్యంలో సన్నని పొగ కణాలు దాదాపు కనిపించవు కాబట్టి నేల ఎంత వెలుతురును తిప్పికొడుతున్నదో తెలుస్తుంది. దాన్నిబట్టి కంటికి కనిపించే కాంతిలో నేల వాటాను అంచనా వేసి తీసివేస్తారు. పచ్చని వరిచేల మీద ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ప్రకాశం బ్యారేజీ దిగువన ఎండకు మెరిసే ఇసుక మేటలమీద, కాంక్రీటు మేడలమీద అంత నమ్మకంగా పనిచేయదు.

ఇందుకు తలకిందులుగా జరిగే సందర్భమూ ఉంది. ఎండాకాలంలో ఎక్కడో లేచిన ఎడారి దుమ్ము రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున మన మీదుగా సాగిపోతుంటే పటం ఎర్రబడుతుంది, నేలమీది యంత్రం మాత్రం చలించదు. ఎత్తు తెలియాలంటే లైడార్ కావాలి. లేజరు మెరుపును పంపి, కణాలకు తగిలి వెనక్కి వచ్చిన కాంతికి ఎంత సమయం పట్టిందో అది చూస్తుంది. 1.5 కిలోమీటర్ల ఎత్తునుండి అయితే ఆ మెరుపు సెకనులో లక్షోవంతులో తిరిగి వస్తుంది. కాలిప్సో ఉపగ్రహం 2006 నుండి 2023 వరకు ఈ పని చేసింది. 2024 మే నెలలో ప్రయోగించిన ఎర్త్‌కేర్‌లోనూ లైడార్ ఉంది. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలవారు నేలమీది నుండి ఆకాశంలోకి లైడార్ మెరుపులను పంపి కొలుస్తున్నారు.

మామగారి విషయంలో మాత్రం మీ దగ్గరలోని నేలమీది కొలమానాన్నే చూడండి.

ప్రశ్న: పొగ కణాలంటే కంటికి కనిపిస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ వంటి వాయువు గాలిలో కోట్ల వంతులలో ఒక వంతు ఉంటుందంటారు. దాన్ని వందల కిలోమీటర్ల ఎత్తు నుండి ఎలా గుర్తుపడతారు? ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుండి వచ్చేదీ బెంజ్ సర్కిల్ వాహనాల నుండి వచ్చేదీ విడివిడిగా తెలుస్తాయా?
(గుంటూరు నుండి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ప్రతి వాయువుకూ వెలుతురులో తాను మింగే రంగులు వేరుగా ఉంటాయి. నైట్రోజన్ డయాక్సైడ్ 405 నుండి 465 నానోమీటర్ల మధ్య, అంటే ఊదా, నీలి రంగుల చోట, దువ్వెన పళ్ళలా సన్నని ఎగుడుదిగుళ్ళతో కాంతిని మింగుతుంది. గాలి అణువులు గానీ పొగ కణాలు గానీ కాంతిని చెదరగొట్టే తీరు రంగుతో పాటు నెమ్మదిగా, నున్నగా మారుతుంది. అందువల్ల వర్ణపటం (వెలుతురును రంగులుగా విడదీసిన పట్టీ) నుండి నున్నగా మారే భాగాన్ని గణితంతో తీసివేసి, మిగిలిన ఎగుడుదిగుళ్ళను ప్రయోగశాలలో ముందే గీసి ఉంచిన ఆ వాయువు గీతతో పోల్చితే, ఎంత ఉన్నదీ తెలిసిపోతుంది. వేలిముద్ర పోల్చినట్టే. ఈ ఆలోచనకు మూలపురుషులలో ఒకరైన డాబ్సన్ 1920లలో ఆక్స్‌ఫర్డ్‌లో రెండు అతినీలలోహిత తరంగదైర్ఘ్యాలను పోల్చి ఓజోన్‌ను కొలిచారు. ఓజోన్ కొలమానానికి నేటికీ ఆయన పేరే.

ఆ కొలమానంతోనే మీ మొదటి సందేహం ఎంత న్యాయమైనదో చూపవచ్చు. మన తలమీద ఉన్న ఓజోన్‌నంతా నేలమట్టపు పీడనానికి, సున్నా డిగ్రీల ఉష్ణోగ్రతకు తెచ్చి పరిస్తే సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొర అవుతుంది. ఒక నగరం మీది నైట్రోజన్ డయాక్సైడ్‌ను అలాగే పరిస్తే అది కొద్ది మైక్రాన్లే, తలవెంట్రుక మందంలో చిన్న వాటా. ఇంత పలుచని పొరను పట్టగలగడం ఈ శాస్త్రం సాధించిన గొప్ప పనులలో ఒకటని నా అభిప్రాయం.

రెండవ సందేహానికి జవాబు గడి పరిమాణంలో ఉంది. 2017 అక్టోబరు 13న ప్రయోగించిన సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం ఇప్పుడు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు గల గడులుగా భూమిని చూస్తుంది. ఇబ్రహీంపట్నానికీ నగర నడిబొడ్డుకూ మధ్య దూరం ఇంతకంటే ఎక్కువ కనుక అవి వేర్వేరు గడులలో పడతాయి. పైగా పగటి ఎండలో ఈ వాయువు కొన్ని గంటలకు మించి నిలవదు, పుట్టినచోటు నుండి మరీ దూరం పోకముందే తరిగిపోతుంది. పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలను ఈ పటాలలో గుర్తించగలగడానికి కారణం ఇదే. అయితే ఒక రోజు పటంతో తీర్పు చెప్పరాదు. గాలి ఇబ్రహీంపట్నం వైపు నుండి నగరం మీదికి వీచిన రోజున రెండూ కలిసిపోతాయి. గాలి దిక్కునుబట్టి రోజులను వేరు చేసి, నెలల సగటు తీసినప్పుడే ఎవరి వాటా ఎంతో అంచనా వేయగలం. బెంజ్ సర్కిల్‌నూ దాని పక్క వీధినీ వేరుచేయడం ఆ గడులతో సాధ్యం కాదు.

ప్రశ్న: గుంటూరు మిర్చియార్డు ఘాటు ఉపగ్రహానికి తెలుస్తుందా? మా తమ్ముడితో పందెం వేశాను.
(గుంటూరు నుండి ఒక పాఠకుడు)

జవాబు: తెలుస్తుందని వేసి ఉంటే పందెం ఓడిపోయారు. ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ ఆవిరయ్యే పదార్థం కాదు. ముక్కుకు తగిలేది కాయ తొక్కల, గింజల దుమ్ము. 50 మైక్రాన్ల దుమ్ము కణం నిశ్చలమైన గాలిలో సెకనుకు 7 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగిపోతుంది. అర మైక్రాన్ పొగ కణం రోజుకు ఒక మీటరు దిగడమే గగనం. అందుకే పొగ జిల్లాలు దాటుతుంది, మిర్చి ఘాటు యార్డు చుట్టుపక్కలే చుట్టాలను తుమ్మిస్తుంది. యార్డు బయట కట్టెలు తగలబెడితే మాత్రం సంగతి వేరు: 4 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిలో మంట ఎంతగా వెలుగుతుందంటే, గడిలో కొద్ది భాగమే మండినా, ఉపగ్రహం పైన ఉన్న వేళ అయితే, అది మ్యాప్‌లో చుక్కగా పడుతుంది.

ప్రశ్న: మా పాఠశాలలో పిల్లలచేత కాంతి మందాన్ని కొలిపించాలని ఉంది. ఖరీదైన పరికరం లేకుండా వీలవుతుందా?
(విజయవాడ నుండి ఒక సైన్సు ఉపాధ్యాయురాలు)

జవాబు: వీలవుతుంది. ఎల్‌ఈడీ తాను వెలిగే రంగుకు దగ్గరి కాంతి పడినప్పుడు స్వల్పంగా విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ గుణాన్ని వాడుకొని అమెరికాకు చెందిన ఫారెస్ట్ మిమ్స్ చౌకైన సూర్యకాంతి మాపకాన్ని తయారుచేశారు. బడిపిల్లల కోసం నడిచే గ్లోబ్ కార్యక్రమంలోనూ ఆ తరహా పరికరాలను వాడారు. ఒక ఆకుపచ్చ ఎల్‌ఈడీ, దాని సంకేతాన్ని పెంచే చిన్న విద్యుత్ వలయం, ఒక మల్టీమీటరు, ముందు సన్నని రంధ్రం ఉన్న గొట్టం చాలు. మేఘం లేని రోజున సూర్యుడు బాగా కిందుగా ఉన్నప్పటి నుండి మధ్యాహ్నం దాకా అరగంటకొకసారి కొలవండి. సూర్యుడు దిగంతానికి 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కిరణం నడినెత్తిన ఉన్నప్పటికంటే రెండింతల గాలిని దాటి వస్తుంది. ఆ గాలి ప్రమాణాన్ని అడ్డంగా, కొలిచిన వోల్టేజి సహజ సంవర్గమానాన్ని నిలువుగా గీస్తే వచ్చే సరళరేఖ వాలులో మొత్తం కాంతి మందం ఉంటుంది. అందులోనుండి గాలి అణువుల వాటాను తీసివేస్తే మిగిలినది చాలావరకు ఏరోసాల్‌దే. రేఖ వంకరపోతే ఆ రోజు గాలి మధ్యలో మారిపోయిందన్నమాట. అటువంటి రోజును లెక్కలో నుండి తీసివేయండి. గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పడానికి దాని నీడ ఎంత చిన్నదైందో చూడమనండి. ఏ పిల్లవాడూ గొట్టంలో నుండి గానీ నేరుగా గానీ సూర్యుణ్ణి చూడకూడదు.