సంగటి యాళకు లంచ్ బెల్ కొట్టకు

నాయనా,

నీ కథ చదివాను. ఆ ముసలామె తన సంగటి ముద్దలో సగం మనవడి కోసం కొంగులో కట్టుకునే చోటు బాగుంది. ఇక నా కోపం సంగతికొస్తా.

కళ్యాణదుర్గం దగ్గర చెనక్కాయ చేన్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. నడినెత్తిన ఎండ. అక్కడ నువ్వు రాసిన వాక్యం: ‘పన్నెండున్నరకు కూలీలంతా లంచ్ బ్రేక్ తీసుకున్నారు.’ ఒళ్లు మండింది. ఆ చేన్లో గంట కొట్టిందెవరు? పన్నెండున్నర అని చూసుకోవడానికి ఎవరి చేతికి వాచీ ఉంది?

ఇంగ్లీషు మాట వాడావని కాదు. బస్సును బస్సనే రాసేవాణ్ణి నేను. కానీ లంచ్ అనేది గడియారం చూసి తినేవాళ్ల మాట. బడిలో లంచ్ బెల్లు కొడతారు. బ్యాంకు కౌంటర్లో లంచ్ టైం అని బోర్డు పెడతారు. టెస్ట్ మ్యాచ్‌లో లంచ్‌కు ఆట ఆపుతారు. ఆఫీసులో ‘సార్ లంచ్‌కు పోయినారు’ అన్నారంటే నాలుగింటిదాకా రాడని మనకు తెలుసు. అట్లాంటి చోట ‘మధ్యాహ్న భోజనం’ అని రాస్తే అదీ అబద్ధమే. పైగా 2003లో బళ్లలో పథకం వచ్చినప్పటి నుంచి ఆ మాటకు ఇంకో అర్థం వచ్చి చేరింది. ఒకే బడి వరండాలో హెడ్మాస్టరు క్యారియర్ విప్పుకొని తినేది లంచ్, పిల్లలు పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడి తినేది మధ్యాహ్న భోజనం. ఈ తేడా పట్టుకుంటే బడి గురించి నువ్వు ఇంకో పేజీ వర్ణన రాయక్కర్లేదు.

లంచ్ అనే మాట పుట్టిన దేశంలోనూ ఇదే పేచీ. ఇంగ్లండులో ఒకప్పుడు మధ్యాహ్నం తినే పెద్ద తిండి పేరు డిన్నర్. కలిగినోళ్లు దాన్ని సాయంత్రానికి, ఆ తర్వాత రాత్రికి జరుపుకుంటూ పోయారు. అంతసేపు కడుపు ఊరుకోదు కదా, ఆ ఖాళీలోకి లంచియన్, అదే ఈ లంచ్, వచ్చి కూర్చుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో లంచ్‌ను చేతిలో పట్టినంత తిండి అన్నాడు. ఉత్తర ఇంగ్లండులో పనిచేసుకు బతికే ఇళ్లలో చాలామందికి ఇప్పటికీ మధ్యాహ్నం తినేది డిన్నరే, సాయంత్రం తినేది టీ. మనిషి నోట ఏ మాట వచ్చిందో చూసి అక్కడి పాఠకుడు ఆ ఇల్లు ఎట్లాంటిదో చెప్పేస్తాడు. మన దగ్గరికొచ్చిన దొరలు మధ్యాహ్నం తేలిగ్గా తినేదాన్ని టిఫిన్ అన్నారు. మనం దాన్ని పొద్దుటి ఇడ్లీకి తగిలించాం. టిఫిన్ క్యారియర్‌లో మాత్రం ఇప్పటికీ అన్నమూ పప్పే పోతాయి!

ఈసారి కడపకు వస్తే సి.పి. బ్రౌన్ దొర పేరు మీదున్న గ్రంథాలయానికి పో. 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువులో మన సంగటిని సంకటి అని వెతుకు, ఉంటుంది. దొర వదలని మాటను ఈ ఊళ్లో పుట్టి నువ్వెందుకు వదిలావు?

నాకు తెలుసు ఎందుకో. ఎడిటర్లకు భయపడి. నేను పంతులుగా ఉన్న రోజుల్లో రాత్రిళ్లు రాసి, తిరుగు స్టాంపులు పెట్టి పంపేవాణ్ణి. ఒక వారపత్రిక నా కథ వేసుకుంది కానీ, ‘అమ్మ సంగటి తినింది’ అన్నచోటల్లా ‘అమ్మ భోజనం చేసింది’ అని దిద్దింది. కోస్తా పాఠకులకు అర్థం కాదట. పత్రిక చూసి మా ఊరాయన ఒకడు, ‘మీయమ్మ ఎవరింటి పెండ్లికి పోయిందప్పా?’ అన్నాడు. తర్వాత కాలం మారింది, అదే ఎడిటర్లు సీమ యాస కావాలన్నారు, వేటకొడవలి కూడా ఉంటే మరీ మంచిదన్నారు. ఇప్పుడేమో సిటీ హోటళ్లలో సంగటి ఫ్యాషనైంది, ప్రతి కథలోనూ ఊరుబిండి పచ్చడి వాసన కొడుతోంది. తినేవాళ్ల ఆకలి మాత్రం ఏ కథలోనూ కనపడదు. ఆ గుంపులో చేరమని కూడా నేను చెప్పడం లేదు.

లంచ్‌ను కథలోంచి తీసేయొద్దు, చోటు మార్చు. నీ కథలో సెలవులకొచ్చి కలుపుకు పోయిన డిగ్రీ పిల్ల ఉంది కదా, ఆ మాట ఆమె నోట పెట్టు. ‘లంచ్ తిన్న్యావా అవ్వా?’ అని అడగనీ. ‘ఏం లంచో ఏమో, సంగటి తింటి’ అని అవ్వ అననీ. ఆ రెండు వాక్యాలుంటే, చదువు వాళ్లిద్దరి మధ్య ఎంత దూరం తెచ్చిందో వివరిస్తూ నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేయొచ్చు. కథకుడిగా నువ్వు మాట్లాడేచోట ‘సంగటి యాళకు చింతచెట్టు కిందికి చేరినారు’ అంటే చాలు. బ్రాకెట్లో అర్థం ఇవ్వకు. చెట్టు, ఎండ, మూత తీసిన గిన్నె, కొరికిన ఎర్రగడ్డ కనిపిస్తున్నాక యాళ అంటే ఏందో ఏ ఊరివాడికైనా తెలుస్తుంది.

పోటీలకు పంపాలా, పుస్తకం వేసుకోవాలా అని ఏవేవో అడిగావు. అవన్నీ ఇప్పుడెందుకు?

తిరగరాసి పంపు. ఫోన్లో వద్దు, నా కండ్లకు ఆనదు, కాగితం మీద పెద్దక్షరాల్లో రాయి. అన్నట్టు, ఆ ఆడవాళ్లకు కూలి ఎంతిస్తున్నారో కథలో ఎక్కడా లేదు. కనుక్కొని రాయి.

ఉంటా.